వడపళని ఆకాశంలో అస్త్రయుద్ధం

అంతరిక్ష నౌకల కథల్లో రక్షణ అంటే చాలావరకు అంకెల లెక్క. స్టార్ ట్రెక్‌లో దాడి మొదలవగానే ఓడ చుట్టూ శక్తి కవచం లేస్తుంది. దెబ్బ పడినప్పుడల్లా ఇంకా ఎంత శాతం మిగిలిందో ఒకరు అరిచి చెబుతుంటారు. మన పౌరాణికాల్లో ఈ శాతాల గొడవ లేదు. కవచానికి బలంతో పాటు ఒక షరతు ఉంటుంది, కథంతా ఆ షరతు చుట్టూ తిరుగుతుంది.

ద్రోణపర్వమే చూడండి. సైంధవుడి కోసం అర్జునుడు దూసుకొస్తున్న రోజు ద్రోణుడు మంత్రించి దుర్యోధనుడికి కవచం కడతాడు. అర్జునుడి బాణాలు దానికి తగిలి రాలిపోతాయి. దాన్ని ఛేదించే అస్త్రం ఉంది, సంధించాడు కూడా. అశ్వత్థామ దూరం నుంచే దాన్ని తుంచేశాడు. ఆ అస్త్రాన్ని రెండోసారి వేయకూడదు. ఇక అర్జునుడు కవచం జోలికి పోకుండా అది కప్పని అరచేతుల మీద, గోళ్ల మీద కొట్టాడు. కవచం చెక్కుచెదరలేదు, దుర్యోధనుడు మాత్రం నిలవలేకపోయాడు.

నారాయణాస్త్రం ఇంకా విచిత్రం. ఎదిరించేకొద్దీ పెరుగుతుంది. ఆయుధం పడేసి రథం దిగడమే దానికి రక్షణ. భీముడు ససేమిరా అంటే కృష్ణార్జునులు వెళ్లి కిందికి లాగారు.

ఎగిరే కోట కూడా ఉంది. సాళ్వుడు సౌభకం ఎక్కి ద్వారక మీదికి వస్తే ఊరివాళ్లు ఏం చేశారో అరణ్యపర్వంలో వ్యాసుడు చెబుతాడు. వంతెనలు కూల్చారు, పడవలు ఆపారు, ముద్ర చూపనివాణ్ణి లోపలికీ బయటికీ కదలనివ్వలేదు, ఊళ్లో తాగుడు మాన్పించారు. ఆకాశం నుంచి దాడి వస్తే ముందు మద్యం బంద్ చేయాలని ఏ హాలీవుడ్ సేనాపతికైనా తట్టిందో లేదో!

ఇదంతా పుస్తకాల్లో ఉంది. తెలుగువాళ్లలో చాలామంది మాత్రం తెర మీదే చూశారు. ఆ యుద్ధాలు జరిగిన ఆకాశం మద్రాసు ఫ్లోర్లలో తయారైంది. 1957లో మార్కస్ బార్‌ట్లే కెమెరాతో ‘మాయాబజార్’ తీసిన విజయా-వాహినీ స్టూడియో వడపళనిలోదే. ఇప్పుడక్కడ ఆసుపత్రి, మాల్ ఉన్నాయి.

బాణానికి బాణం ఎలా తగిలేది? ముందు ఫ్రేము పైభాగాన్ని నల్ల మాస్కుతో మూసి, కింద విల్లు పట్టిన నటుణ్ణి తీస్తారు. మూసిన చోట నెగటివ్‌కు వెలుతురు తగలదు. ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి కిందిభాగం మూసి, నల్లగుడ్డ ముందు సన్నటి తీగకు వేలాడే బాణాన్ని తీస్తారు. ఎదుటి బాణానికి మరోసారి, నిప్పురవ్వలకు ఇంకోసారి. రెండు భాగాలు కలిసే అతుకును కొండ అంచులోనో చెట్ల వరుసలోనో దాచాలి. కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. సెకనుకు 24 ఫ్రేములు; లెక్క నాలుగైదు తప్పినా ఆగ్నేయాస్త్రం ఒక చోట, వారుణాస్త్రం మరో చోట పేలతాయి. చివరి విడత చెడితే ముందు తీసినవన్నీ చెత్తబుట్టలోకే. ఎన్టీఆర్ ‘సీతారామ కళ్యాణం’ (1961)తో కెమెరామన్‌గా వచ్చిన రవికాంత్ నగాయిచ్ ఇలాంటి ట్రిక్కు పనితోనే పేరు తెచ్చుకున్నాడు.

ఇప్పటి గ్రాఫిక్స్‌లో మంటలు మహా బాగుంటాయి, కాదనను. కానీ బాణం వదిలాక జవాబు వచ్చేదాకా ఉండే ఆ గడియ పోయింది. పాత సినిమాలో అవతలివాడు కళ్లు మూసుకుని మంత్రం జపించేవాడు. ఇవతల నిప్పు వస్తోంది, అవతల ఏం తీస్తాడు? నీళ్లని హాల్లో ప్రతి పిల్లవాడికీ తెలుసు, అయినా ఊపిరి బిగబట్టేవాడు. పాముకి గరుడుడు, చీకటికి సూర్యుడు: ఏ దెబ్బకు ఏది కాపో తెలిసినవాళ్ల కోసం తీసిన యుద్ధాలవి.

1963లో కె.వి.రెడ్డి తీసిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో ఈ పద్ధతికి అసలు పరీక్ష వచ్చింది. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. ఏ ఒక్క అస్త్రానికి సరిజోడు పడకపోయినా సగం హాలు ఊరుకోదు.