తూనిక చెప్పని కొవ్వు

కంభంలో ఇరవై రెండేండ్ల యువకుడొకడు తూనిక యంత్రం ఎక్కి దిగినాడనుకొందాం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 65 కిలోలు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే 22.5 వస్తుంది. ఇదే బి.ఎం.ఐ. మామూలు హద్దు 25. ఆసియా వారికై ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించిన హద్దు 23. రెంటికీ లోపలే ఉన్నాడు గనుక అతనికి భయం లేదంటారు. ఆ మాట చెప్పే అధికారం ఈ అంకెకు ఉన్నదా అన్నదే విచారించవలసిన విషయం.

ఈ భాగహారాన్ని 19వ శతాబ్దంలో రూపొందించిన బెల్జియం గణితజ్ఞుడు క్వెట్‌లే రోగ నిర్ణయాన్ని తలపెట్టలేదు. ఆయనకు కావలసినది సగటు మనిషి. 1972లో ఆన్సెల్ కీస్ దీనికి నేటి పేరు పెట్టి, అయిదు దేశాలలో 7,400 మందికి పైగా కొలతలతో పరీక్షించి, వాడుకలోని సూత్రాలలో ఇదే మేలన్నాడు. ఆ 7,400 మందీ పురుషులే! జనసమూహాలను పోల్చడానికి ఇది నేటికీ మంచి సాధనమే. ఖర్చు లేదు, శ్రమ లేదు. కాని ఒక మనిషి ముందు నిలిచినప్పుడు అది కండను, కొవ్వును వేరుచేయలేదు. కొవ్వు ఎక్కడ చేరిందో అసలే చెప్పదు.

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఫొటోనే అచ్చు వేయించినారు: పూనా వాసి యాజ్ఞిక్, లండన్ వాసి యుడ్కిన్. ఇద్దరికీ సూచిక 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇద్దరు మనుషులతో సిద్ధాంతం నిలబడదు, నిజమే. అయితే ఒకే అంకె ఉంటే ఒకే దేహమన్న నమ్మకాన్ని పడగొట్టడానికి ఈ ఇద్దరు చాలు.

కొవ్వు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ అన్నది కూడ ముఖ్యమని 1947లోనే మార్సే వైద్యుడు జాఁ వాగ్ గుర్తించినాడు. ఈ సంగతి కంభం వారికి బోధపరచడం కష్టం కాదు. గుండ్లకమ్మ నీరు చెరువులో నిలిచినంతవరకు అది సంపద. చెరువు పట్టనంత నీరు వచ్చి ఊళ్లోకి పారితే అదే నీరు ఇండ్లను ముంచుతుంది. చర్మం క్రింద, ముఖ్యంగా తొడలలో, పిరుదులలో నిలువ ఉన్న కొవ్వు చెరువులోని నీరు వంటిది. ఆ చోటు చాలనప్పుడు అది కడుపులోని అవయవాల చుట్టూ, కాలేయంలో, కండలలో చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ పని మందగిస్తుంది. చెరువు చిన్నదైనవానికి కొద్దిపాటి వానే వరద. సన్నగా కనిపించే యువకునికి మధుమేహం రావడంలో వింత లేదు.

తెలుగునాట ఈ విషయంలో తప్పక చెప్పుకోవలసినది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన. 1987-90లో నగరం సమీపాన 29 గ్రామాలను తీసుకొని, 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందించినారు. ఆ పిల్లలు 13-18 ఏండ్ల వారైన తరువాత మళ్లీ కొలిచినారు. 2008లో వెలువడిన ఫలితం ఇది: ఆహారం పొందిన గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు, దేహంలో కొవ్వు పాలు ఇంచుమించు సమానం, ఇన్సులిన్ నిరోధ సూచిక మాత్రం 20 శాతం తక్కువ. గ్రామాలను చీటీలు వేసి ఎన్నుకోలేదు గనుక కారణం ఆహారమేనని బల్లగుద్ది చెప్పలేము. కొవ్వు స్థానాన్ని గూర్చిన ఋజువు కూడ ఇది కాదు. ఐనా కొవ్వు సమానంగా ఉన్న దేహాలు లోపల వేరువేరుగా నడుస్తాయని, ఆ తేడాకు మూలం పసితనంలోనే ఉండవచ్చునని ఇది సూచిస్తున్నది.

ఇక తూనికకు బదులు టేపు పట్టుకోవాలంటున్నారు. 2025లో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం కూడ బి.ఎం.ఐ. ఒక్కటే చాలదని, నడుము వంటి మరొక కొలత కావాలని చెప్పింది. టేపూ నిర్దోషి కాదు. చర్మం క్రింది కొవ్వును, లోపలి కొవ్వును అది కలిపే కొలుస్తుంది. ప్యాంటు బొత్తాము దగ్గర చుట్టితే తప్పు లెక్క చెబుతుంది. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ, ఊపిరి మామూలుగా విడిచిన తరువాత కొలవాలి. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. 22.5 తెచ్చుకొన్న ఆ కంభం యువకుని నడుము 94 ఉంటే, రక్తంలో చక్కెర పరీక్షకు పంపవలసినది అతనినే.