ముగ్గులోకి దిగాక

ఒత్తిడి తగ్గించుకోవడానికి సలహాలకేం కొదవ లేదు. పొద్దున్న లేచి ఫోన్ తీస్తే చాలు, రోజుకు పదివేల అడుగులు నడవమని ఒకరు, మూడు లీటర్ల నీళ్లు తాగమని ఒకరు, ఎనిమిది గంటలు నిద్రపొమ్మని ఇంకొకరు. అన్నీ మంచి మాటలే, కాదనను. నా పేచీ ఎక్కడంటే, ప్రతి సలహా వెనకాల ఒక లెక్క నడుస్తుంటుంది. అడుగులు పూర్తయ్యాయా లేదా అని రాత్రి పడుకోబోయే ముందు గడియారం నిలదీస్తుంది. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి. నెలనెలా 20వ తేదీ వస్తోందంటే జీఎస్టీ రిటర్నులు, మార్చి వస్తోందంటే సంవత్సరాంతం. అక్కడ రోజంతా మందికి లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి నా ఒంటి మీద నేనే మరో రిటర్ను దాఖలు చేసుకోవాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే నాకు పనికొచ్చిన అలవాటు ఈ జాబితాల్లో ఎక్కడా లేదు. నేను పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తాను.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో వీధివైపు మెట్లున్న పాతకాలపు వాటా. పెళ్లయినప్పటినుంచీ వాకిలి మా ఆవిడదే. మోకాళ్లు అరిగాయి, గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెప్పాక, "ఇహ స్టిక్కరొకటి అంటించేద్దామండీ" అంది. నేను వేస్తానన్నాను. "మీరా?" అని నవ్వింది. మర్నాడు చుక్కలు ఎలా పెట్టాలో గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చెప్పింది. నేను కాగితం మీద అడ్డగీతలు, నిలువు గీతలు కొట్టుకుని వచ్చాను. చూసి, "బ్యాలెన్స్ షీటా?" అని అడిగింది.

పని చూడ్డానికి చిన్నది. ఊడ్చి, కళ్లాపి చల్లి, కాసేపు ఆగాలి. ఆగడంలోనే ఉంది కిటుకంతా. నేల మరీ తడిగా ఉంటే పిండి పీల్చుకుని బురదలా మాసిపోతుంది. మరీ ఆరితే నిలబడదు, గాలికి లేస్తుంది. నీళ్ల మెరుపు పోయి, నేల రంగు ఇంకా నల్లగానే ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, నేలకు రెండంగుళాల ఎత్తునుంచి వదలాలి. వేళ్లు రాలుస్తుంటే మణికట్టు నడుస్తుంది. కొత్తలో నేను వేళ్లతో గీయబోయేవాణ్ణి, గీత ఒకచోట లావు, ఒకచోట మాయం. "నలపకండీ, జారనివ్వండి" అనేది ఆవిడ. రాతిముగ్గులో కాస్త బియ్యప్పిండి కలిపితే జారుడు బాగుంటుంది, చీమలకూ ఏదో దక్కుతుంది.

నాకిష్టమైంది మెలికల ముగ్గు. ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వరకు. అంటే మధ్యవరుసలో ఏడు, పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు. మొత్తం ముప్ఫై ఏడు చుక్కలు. గీత ఏ చుక్కనూ తాకకుండా, ప్రతి చుక్కనూ చుట్టి, తెగకుండా తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. ఈ మెలికల్లో గణితం ఉందని మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు గిఫ్ట్ సిరొమనీ ఏనాడో పట్టుకున్నాడు. రాణీ సిరొమనీ, కమలా కృతివాసన్‌లతో కలిసి తమిళుల కోలాల మీద 1974లో ఆయన రాసిన వ్యాసం కంప్యూటర్ శాస్త్రంలో నేటికీ ప్రస్తావనకొస్తుంది. వ్యాకరణంతో వాక్యం పుట్టినట్టే కొద్దిపాటి నియమాలతో ముగ్గు పుడుతుందని వాళ్లు చూపించారు. వాకిట్లో కూర్చున్నవాడికి మాత్రం తెలిసేది ఒకటే. తర్వాతి మలుపు కుడికా, ఎడమకా? ఆ ప్రశ్న బుర్రలో ఉన్నంతసేపూ ఆఫీసు మెయిళ్లకు అందులో చోటు దొరకదు. మనసును ఖాళీ చేసుకో అంటే నావల్ల కాలేదు. చుక్కలతో నింపుకోవడం అయింది.

ఊపిరి సంగతి తర్వాతెప్పుడో గమనించాను. పొడుగు గీత లాగేటప్పుడు చెయ్యి వణక్కుండా ఉండాలని మనిషి తనకు తెలియకుండానే ఊపిరి మెల్లగా వదులుతాడు. మలుపు దగ్గర ఆగి, మళ్లీ పీల్చుకుంటాడు. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. మెదడునుంచి గుండె దాకా దిగే వేగస్ నాడి చేసే పని అది. వదిలే ఊపిరి పొడుగైతే గుండెకు నెమ్మదించే వ్యవధి దొరుకుతుంది. ప్రాణాయామం క్లాసులో కళ్లు మూసుకుంటే నాకు బ్యాంకు బాకీలు కనిపించేవి. ఇక్కడ కళ్లు తెరిచి అదే పని చేస్తున్నాను, ఫీజు లేకుండా.

వెలుగు ఇంకో లాభం. సూర్యుడు పొడిచే వేళ ఆరుబయట ఉంటే కంట్లో పడే వెలుగును బట్టి ఒంట్లోని గడియారం ముల్లు సరిచేసుకుంటుంది. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో తేల్చినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పొద్దున వెలుగు చూసినవాడికి రాత్రి నిద్ర వేళకు వస్తుంది. ఆరింటికి కళ్లాపి చల్లాలంటే పదింటికి ఫోన్ పక్కన పెట్టాల్సిందే, వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నర కాఫీ కూడా దాంతోపాటే పోయింది. తాగిన కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది మరి. ఒక్క అలవాటు సరిగ్గా కుదురుకుంటే మిగతావి దాని కొంగు పట్టుకుని వస్తాయి. ఒకేసారి ఐదు అలవాట్లు మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఇదంతా ఒకరోజు ఉత్సాహంగా మా ఆవిడకు చెప్పాను. వేగస్ నాడి, మెలికలు, మనశ్శాంతి. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విని, "మీకు శాంతే ఉంటుంది లెండి. మానేసినా మిమ్మల్ని అడిగేవాళ్లెవరూ లేరుగా" అంది. తర్వాత చెప్పింది: జ్వరమొచ్చినా వెయ్యాలి. పిల్లల స్కూలు బస్సు టైమైనా వెయ్యాలి. పండగపూట చిన్న ముగ్గు పడితే అత్తగారి మొహం పెద్దదవుతుంది. ధనుర్మాసమంతా చలిలో నాలుగింటికి లేవాలి. అన్నేళ్లలో ఆ ముగ్గు తనకు విశ్రాంతిగా తోచింది ఏ కొద్దిరోజులో అట.

ఆ మాట నన్ను వదల్లేదు. అదే వాకిలి, అదే పిండి, అవే చుక్కలు. ఆవిడకు బరువైంది నాకు ఊరట ఎలా అయింది? జవాబు ఎలుకల మీద చేసిన ఒక పాత పరీక్షలో దొరికింది. అమెరికా శాస్త్రవేత్త జే వైస్ రెండు ఎలుకల తోకలకు ఒకేసారి, ఒకే మోతాదులో కరెంటు షాకు ఇచ్చేవాడు. ఒకటి చక్రం తిప్పితే షాకు రెండింటికీ ఆగుతుంది. రెండోదాని ముందూ చక్రం ఉంటుంది కానీ, తిప్పినా ఫలితం ఉండదు. పడిన షాకులు రెండింటికీ సమానమే అయినా కడుపులో పుళ్లు ఎక్కువ పడింది రెండోదానికే. మనుషుల్లోనూ ఇలాంటి సంగతే బయటపడింది. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద మైకేల్ మార్మట్ బృందం ఏళ్ల తరబడి చేసిన వైట్‌హాల్ అధ్యయనాల్లో గుండెజబ్బులు ఎక్కువ కనిపించింది పెద్ద బాధ్యతలున్న పై అధికారుల్లో కాదు, కింది మెట్టు ఉద్యోగుల్లో. తమ పని మీద తమకు అదుపు లేకపోవడం అందుకు ముఖ్యకారణాల్లో ఒకటని వాళ్లు తేల్చారు.

అంచేత "సహజంగా ఒత్తిడి తగ్గించే అలవాట్లు" అని పట్టిక ఇచ్చేవాళ్లు ఒక మాట మింగేస్తున్నారనే అంటాను. నడకైనా, తోటపనైనా, వంటైనా, మానేసే స్వేచ్ఛ ఉన్నవాడికే అది మందు. లేనివాళ్లకు అదొక చాకిరీ. ఆదివారం సరదాగా బిర్యానీ వండి "వంట ఎంత హాయి" అనే మగవాళ్లు సోమవారం పొద్దున్న ఏడింటికి మూడు టిఫిన్ బాక్సులు కట్టి చూడాలి.

మగవాడు ముగ్గేయడమేమిటని మా వీధిలో కొంత వింత నడిచింది. "అన్నయ్యగారూ, వదినగారికి ఒంట్లో బాగోలేదా?" అని ఎదురింటి ఆవిడ వారం పాటు పరామర్శించింది. నిజానికి ముగ్గు మగవాళ్లకు కొత్తేం కాదు. హోమానికి మండపం ముగ్గు పురోహితుడే వేస్తాడు. సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న దగ్గర మహాశివరాత్రి నాటి రాత్రి ఒగ్గు పూజారులు రంగురంగుల పొడులతో పెద్దపట్నం వేస్తారు. చూడాలి ఆ చేతి నేర్పు. గంటల తరబడి కష్టపడి వేసిన ఆ పట్నాన్ని చివరికి తొక్కుతూ దాటుతారు. తొక్కడంతోనే మొక్కు తీరుతుంది. మా వాకిట్లో ఆ పని పాలబ్బాయి బండి చేస్తుంది. మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇప్పుడు అదే బాగుంది. నిన్నటి ముగ్గు ఇవాళ ఉండదు కనుక ఎవరికీ లెక్క చూపక్కర్లేదు.

ఈ సుఖాన్ని చెడగొట్టే దారులూ లేకపోలేదు. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం అందులో మొదటిది. ఎంతమంది చూశారని తిరిగి చూసుకోవడంతో పిండి డబ్బా మళ్లీ ఆఫీసు అయిపోతుంది. సంక్రాంతి ముగ్గుల పోటీలంటే నాకు వ్యతిరేకత లేదు, పిల్లలకు సందడి. కానీ ఆ పోటీల ముందురోజు రాత్రి ఏ ఇంట్లోనైనా చూడండి, పరీక్షల హాలు నయం.

ముగ్గే వెయ్యమని నేను చెప్పను. మోకాళ్లు బాగోకపోతే అసలే వద్దు. వేస్తే చిన్న పీట వేసుకోండి, పొడి ముక్కులోకి కొట్టకుండా గాలికి వీపు పెట్టి కూర్చోండి. అపార్టుమెంటులో ఉంటే మల్లెలు మాల కట్టొచ్చు, కుండీల్లో మట్టి గుల్ల చెయ్యొచ్చు. చేతికి పని, కంటికి వెలుగు, ఎవరికీ చూపించనక్కర్లేని తీరిక, ఈ మూడూ కలిసే పని ఏదైనా సరే. ఇంకో మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ సన్నగిల్లినా అది ముగ్గుతో, నడకతో తీరేది కాదు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు ఫోన్ చెయ్యండి. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

డిసెంబరు నడిమిలో ధనుర్మాసానికి నెలగంట పెడతారు. ఈలోగా మీ ఇంట్లో ముగ్గేసే మనిషిని ఒకసారి అడగండి, ఇష్టంగానే వేస్తోందా అని. కాదంటే నెలపాటు ఆ డబ్బా మీరు తీసుకోండి. మొదటి వారం గీతలు వంకరగానే వస్తాయి, ఎవరూ ఏమీ అనుకోరు.