రెండు 'మాభూమి'లు – ఇద్దరు ప్రేక్షకులు

నాటకం సజీవకళ, సినిమా యాంత్రికకళ అనే మాట మన విమర్శలో తరచు వినపడుతుంది. యంత్రం ఉన్నంత మాత్రాన కళ నిర్జీవమైపోదు. నటులు కళ్ళెదుట నిలబడినంత మాత్రాన ప్రదర్శనకు ప్రాణం రాదు. చూసేవాడికి ఆ ప్రదర్శనలో ఏ స్థానం దక్కుతోందన్నదే అసలు ప్రశ్న. దీన్ని గాలిలో చర్చించడం కంటే, ఒకే పేరుతో ఒకే పోరాటం మీద వచ్చిన రెండు కృతులను పక్కపక్కన పెట్టి చూడటం మేలు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకం 1947 నాటిది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మాభూమి' చిత్రం 1979 నాటిది. పేరు ఒకటే గాని, చిత్రం ఆ నాటకానికి తెరరూపం కాదు. దానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నాటకం పోరాటం నడుస్తుండగా పుట్టింది; చిత్రం 1951లో ఆ పోరాటం ముగిసిన దాదాపు మూడు దశాబ్దాలకు వచ్చింది. రెండు దృశ్యానుభవాల మధ్య తేడాకు సగం కారణం మాధ్యమమైతే, మిగతా సగం ఈ కాలభేదమే.

విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి హతుడైన షేక్ బందగీ గాథ నాటకానికి ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఆంధ్ర పల్లెలకు మోసుకెళ్ళాయి. రంగస్థలం మీద గడీని కట్టలేం. ఒక కుర్చీ, ఒక కర్ర, ఒక అరుపు – అంతే. మిగిలిన గడీని ప్రేక్షకుడే తన ఊరి దొర ఇంటి గోడలతో కట్టుకోవాలి. పేద రంగస్థలం చూసేవాడి చేత పని చేయిస్తుంది. పైగా అతని నవ్వు, అతని నిశ్శబ్దం ఆ పూటే నటుడికి చేరి, తర్వాతి మాట ఉచ్చారణను మారుస్తాయి. అక్కడ ప్రేక్షకుడు కొనుగోలుదారు కాదు, భాగస్వామి.

ఈ సంగతి మన విమర్శకుల కంటే ముందు పాలకులకే తెలుసు. బ్రిటిష్ ప్రభుత్వం 1876లోనే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. ఒంటరిగా చదివిన మాట వేరు, పదిమంది మధ్య కూర్చుని విన్న మాట వేరు అని దానికి తెలుసు. ఆ చట్టం పుస్తకాల నుంచి పూర్తిగా తొలగింది 2018లో! స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, మద్రాసు ప్రభుత్వం 'మాభూమి' నాటకాన్ని నిషేధించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే నిషేధం నాటకపు బలాన్నే కాక బలహీనతను కూడా చూపింది. ఆడకుండా ఆపితే నాటకం లేదు; మిగిలేది అచ్చుప్రతి మాత్రమే. నిర్బంధం తర్వాత మండలి కళాకారులు పలువురు మద్రాసు సినిమారంగం చేరారు. గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు. నటులు వాళ్ళే, ప్రతిభ అదే. కాని వాళ్ళకూ ప్రేక్షకులకూ మధ్య నిర్మాత, పంపిణీదారు, బాల్కనీ – బెంచీ తరగతులు వచ్చి కూర్చున్నాయి. మనిషి మారలేదు, సంబంధం మారింది.

మరి 1979 నాటి చిత్రం? అది నాటకం ఇవ్వలేనిదాన్ని ఇచ్చింది. గడీ గోడ ఎత్తెంతో, దాని కింద వంగిన వీపు ఎంత చిన్నదో ఒకే చట్రంలో కనిపించింది. రామయ్య పల్లె విడిచి హైదరాబాదు వెళ్ళి కార్మికుల మధ్య చైతన్యం పొంది తిరిగొచ్చే క్రమాన్ని కెమెరా అతని వెంట నడిచి చూపింది. బండి యాదగిరి పాటను గద్దర్ పాడుతూ తెరమీద కనిపించాడు. అన్నిటినీ మించి, మన సినిమాల్లో నవ్వులాటకు వాడుకున్న తెలంగాణ మాట ఇక్కడ కథానాయకుడి మాట అయింది. ఆ మాట మాట్లాడే ప్రేక్షకుడికి తెరమీద తన ముఖం దొరకడం చిన్న విషయం కాదు.

కాని రామయ్య కథ ప్రతి ఆటలోనూ ఒకేలా ముగుస్తుంది. హాల్లో ఎవరు లేచి అరిచినా తెరమీద ఒక్క చట్రమూ కదలదు. నాటకం ప్రేక్షకుణ్ణి 'నువ్వేం చేస్తావు?' అని అడిగితే, చిత్రం 'ఇలా జరిగింది, మరిచిపోకు' అంటుంది. ఒకటి పిలుపు, ఒకటి జ్ఞాపకం. ఉద్యమానికి రెండూ కావాలి. ఒకదాని పని రెండోది చేస్తుందనుకోవడమే ప్రమాదం.

ఈనాడు ఆ ప్రమాదమే ముందుకొచ్చింది. సినిమా చేతిలోని ఫోనులోకి కుదించుకుపోయాక, చీకటి హాల్లో అపరిచితుల పక్కన కూర్చునే ఆ కొద్దిపాటి సామూహికత కూడా పోయింది. చాలామంది యువకులకు 'మాభూమి' అంటే చిత్రమే. అంతకుముందొక నాటకం ఉందని తెలియదు. చిత్రాన్ని పదిమంది కలిసి చూసి, దీపాలు వెలిగాక మాట్లాడుకుంటే అందులోనూ నాటకపు గుణం కొంత తిరిగొస్తుంది. దానితోపాటు నాటకాన్ని అచ్చుప్రతిలో వదిలేయక మళ్ళీ ఊళ్ళో ఆడాలి. భూమి ప్రశ్న తీరిపోలేదు గనుక ఆ పిలుపుకు కాలం చెల్లలేదు.