4.5 ‘హార్వెస్ట్’ నాటకం: విమర్శనాత్మక పరిశీలన

మంజుల పద్మనాభన్ ఆంగ్లంలో రాసిన ‘హార్వెస్ట్’ నాటకానికి 1997లో గ్రీసు దేశపు ఒనాసిస్ బహుమతి లభించింది. అంతకు మూడేళ్ల ముందు, 1994లో, మన పార్లమెంటు మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. అవయవానికి డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలయ్యాయి. నాటకాన్ని ఈ చట్టంతో కలిపి చదివితే దాని బలమూ, పరిమితీ మీకు స్పష్టమవుతాయి.

4.5.1 నాటకం బలం

ముంబయిలో ఒంటిగది ఇంట్లో ఉండే ఓం ఉద్యోగం పోగొట్టుకుని, తన శరీర భాగాలను ధనిక దేశపు మనిషికి ఇస్తానని ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు. వెంటనే ఇంట్లోకి కొత్త మరుగుదొడ్డి, ఆహారపు బిళ్లలు, ఒక యంత్రం వస్తాయి. ఆ యంత్రంలో కనిపించే జిన్నీ అనే స్త్రీ ఆ కుటుంబం ఎలా బతకాలో ఆజ్ఞాపిస్తుంటుంది. ఓం శరీరంపై కత్తి పడకముందే ఇల్లు చేజారిపోయిందని గమనించండి.

‘ఇష్టపడే సంతకం చేశాడు కదా’ అని మీరు అడగవచ్చు. నాటకం దీనికి ఉపన్యాసంతో కాక సంఘటనతో జవాబిస్తుంది. కంపెనీ మనుషులు ఓంకు బదులు అతని తమ్ముడు జీతూను పట్టుకుపోతారు. సంతకం చేయనివాడి కళ్లు పోతాయి. అంగీకారం అమ్మేవాడికి రక్షణ కాదు, కొనేవాడికి పనికివచ్చే కాగితం మాత్రమే అని ఇక్కడ తేలుతుంది.

4.5.2 నాటకం పరిమితులు

నాటకంలో అమ్ముకున్న కుటుంబానికి సుఖాలైనా అందుతాయి. వాస్తవం ఇంకా కఠినమైనది. చెన్నైలో మూత్రపిండం అమ్ముకున్న 305 మందిపై జరిగిన అధ్యయనం 2002లో ప్రచురితమైంది. వారిలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అలా అమ్మినవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది సర్వే నాటికీ అప్పుల్లోనే ఉన్నారు.

రెండవది, నాటకంలో కొనేవాడు ఎక్కడో దూరదేశపు మోసగాడు. జిన్నీ వెనుక ఉన్నది వర్జిల్ అనే ముసలివాడని చివరికి తెలుస్తుంది. డయాలిసిస్ మీద రోజులు లెక్కపెట్టుకునే మన ఊరి రోగి ఇందులో లేడు. అతనిని చూపకుండా కొనుగోలును ఖండించడం సులభం.

4.5.3 ముగింపు

చట్టంలోని 19వ సెక్షన్ అమ్మినవాడినీ శిక్షిస్తుంది. 2011 సవరణ ప్రకారం 5 నుంచి 10 సంవత్సరాల జైలు, 20 లక్షల నుంచి 1 కోటి రూపాయల జరిమానా. అందువల్ల మోసపోయిన పేదవాడు ఫిర్యాదు చేస్తే తానే ముద్దాయి కావచ్చు. నాటకం చివర ఓం భార్య జయ, నీకు నేను కావాలంటే నువ్వే స్వయంగా రావాలని వర్జిల్‌ను నిలదీస్తుంది. ప్రమాదం ఒక్క పక్షానిదే కాకూడదన్నది ఆమె వాదన. చట్టం ఇంకా పూర్తిగా అందుకోని మాట అది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అవయవం అమ్ముకున్నవాడిని శిక్షించడం న్యాయమా? ఓం, జీతూల స్థితులను పోల్చి 10 వాక్యాలలో రాయండి.