జవాబులు లేని పుస్తకం: ‘బాల్ వైజ్ఞానిక్’, రికార్డు రచన – ఒక పరిశీలన

విజ్ఞానశాస్త్ర తరగతిలో విద్యార్థి తాను స్వయంగా చేసిన పనిని తన మాటల్లో రాసుకునే పుస్తకానికి బోధనాశాస్త్ర చర్చల్లో ప్రాధాన్యం ఉంది. అమెరికా పాఠశాలల్లో వ్యాపించిన ఇంటరాక్టివ్ నోట్‌బుక్ పద్ధతిలో సాధారణంగా కుడి పుటను ఉపాధ్యాయుడిచ్చే సమాచారానికి, ఎడమ పుటను విద్యార్థి వేసుకునే బొమ్మలకు, ప్రశ్నలకు, ఆలోచనలకు కేటాయిస్తారు. ఈ పద్ధతిని గురించిన చర్చ చాలావరకు పుటల అమరిక దగ్గరే ఆగిపోతుంది. రాసినదాన్ని ఎవరు, దేనికోసం చదువుతారన్న ప్రశ్న అంతకంటే మౌలికమైనది. భారతదేశంలో మూడు దశాబ్దాలు నడిచిన ఒక కార్యక్రమం ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది.

హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమం 1972లో మధ్యప్రదేశ్‌లోని 16 ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఆరంభమైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దీనికి పూనుకున్నాయి. 1978లో ఇది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దీని బాధ్యత స్వీకరించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని నిలిపివేసింది.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వాడిన ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల స్వభావం గమనించదగినది. వాటిలో ప్రయోగం ఎలా చేయాలో ఉంటుంది, ఏం గమనించాలో అడిగే ప్రశ్నలుంటాయి. జవాబులు మాత్రం ఉండవు. నలుగురేసి పిల్లలు జట్టుగా ప్రయోగం చేసి, చూసినదాన్ని తమ నోటుపుస్తకాల్లో రాసుకోవాలి. అంటే పాఠ్యపుస్తకంలో సగమే అచ్చవుతుంది, మిగతా సగం పిల్లల చేతిరాతలో తయారవుతుంది. ఒకే బల్ల పొడవును నాలుగు జట్లు కొలిస్తే నాలుగు అంకెలు రావచ్చు. సాధారణ తరగతిలో అందులో మూడు తప్పులుగా కొట్టివేతకు గురవుతాయి. ఇటువంటి తరగతిలో ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే పాఠం. పిల్లల ప్రశ్నలకు ఉత్తరాల ద్వారా జవాబిచ్చే ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్ర కూడా ఈ దృష్టి నుంచే పుట్టింది.

అయితే ఈ నోటుపుస్తకానికి ప్రాణం పోసింది పరీక్షా విధానం. పిల్లలు పుస్తకాలు దగ్గర పెట్టుకొనే పరీక్ష రాసేవారు. రాత పరీక్షతోపాటు ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. పరీక్షలో తానే తిరిగి చూసుకోవలసిన పుస్తకంలో అబద్ధపు కొలత రాసుకోవడం వల్ల విద్యార్థికి ఒరిగేదేమీ లేదు.

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో కనిపించే రికార్డు రచన దీనికి పూర్తిగా భిన్నం. రఫ్ పుస్తకంలోని కొట్టివేతలు ఫెయిర్ రికార్డులోకి రావు. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980కి దగ్గరగా రావాలి కాబట్టి, ఆ అంకె నుంచి వెనక్కి లెక్కగట్టి డోలనకాలాలను నింపే అలవాటు భౌతికశాస్త్ర అధ్యాపకులకు తెలియనిది కాదు. సీనియర్ల రికార్డు ఒక తరం నుంచి మరో తరానికి చేరుతూనే ఉంటుంది. దీన్ని విద్యార్థి నిజాయితీ లోపంగా చూడటం తేలిక. కానీ మార్కులు ఫలితానికీ, ముత్యాల్లాంటి అక్షరాలకూ, సంతకానికీ దక్కుతున్నప్పుడు విద్యార్థి చేస్తున్నది ఆ వ్యవస్థ అడిగిన పనే. గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం కోసం ఫారడే చేసిన ప్రయోగాలు విఫలమయ్యాయి. ఆయన ఆ వైఫల్యాన్ని దాచకుండా 1851లో ప్రచురించాడు. అదే పని ఈ రికార్డులో చేస్తే మార్కులు పోతాయి.

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005, దాని తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా పరిధి పత్రం కృత్యాలకు పెద్దపీట వేశాయి. కొత్త పాఠ్యపుస్తకాలలో ‘ఇలా చేయండి’ అనే పిలుపు పుట పుటనా వినిపిస్తుంది. కృత్యం వచ్చింది గాని, ఆ కృత్యంలో ఫలితం రాకపోతే ఏం రాయాలన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. ప్రాజెక్టు పనులకు మార్కులు కేటాయించగానే వాటి తయారీ కూడా రికార్డు దారి పట్టే ప్రమాదం ఉంది.

హోషంగాబాద్ నమూనాకు పరిమితులు లేవని కాదు. అణువు, జన్యువు వంటి భావనలు పిల్లల పరిశీలన నుంచి వాటంతటవే పుట్టవు. అక్కడ ఉపాధ్యాయుడు చెప్పాలి, పుస్తకం చెప్పాలి. ఆ మేరకు ఇంటరాక్టివ్ నోట్‌బుక్‌లోని కుడి పుట అవసరమే. కాని ఎడమ పుటను కూడా ఉపాధ్యాయుడే బోర్డు మీద రాసి ఎక్కించమంటే, రెండు పుటలకూ తేడా రంగు కాగితాల్లో తప్ప మరెక్కడా మిగలదు. ఈ పద్ధతిని ఇక్కడి తరగతులకు సూచించే పరిశోధనలు విద్యార్థుల మార్కుల పెరుగుదలతోపాటు వారి నోటుపుస్తకాల్లోని కొట్టివేతలను, కుదరని కొలతలను, వాటి పక్కన ఉపాధ్యాయుడు రాసిన మాటలను కూడా ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.