క్రియారహిత వాక్యం – పరివర్తన వ్యాకరణ సూత్రం

నోమ్ చామ్‌స్కీ 1957లో వెలువడిన ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’లో వాక్యాన్ని నామపదబంధం, క్రియాపదబంధం అని రెండుగా విభజించి, క్రియాపదబంధాన్ని క్రియ, నామపదబంధాలుగా విస్తరించాడు. ఆంగ్లవాక్యాల ఆధారంగా రూపొందిన ఈ సూత్రాన్ని తెలుగుకు యథాతథంగా అన్వయిస్తే ‘ఆయన డాక్టరు’ వంటి వాక్యం దగ్గర చిక్కు ఏర్పడుతుంది. ఇందులో క్రియ లేదు. గుప్తనిర్మాణంలో ‘అవు’ ధాతువు ఉందనీ, వ్యక్తనిర్మాణంలో అది లోపించిందనీ చెప్పడం సులభమైన పరిష్కారం. దానికి ఆధారాలు లేకపోలేదు. ‘డాక్టరైతే’, ‘డాక్టరైన’, ‘డాక్టరు కాదు’ అన్నప్పుడు ఆ ధాతువే బయటపడుతుంది.

అయినా ఈ వాదం నిలవదు. ‘ఆయన డాక్టరవుతాడు’ అన్న వాక్యం ఆయన ఇంకా డాక్టరు కాలేదని చెబుతుంది. పరివర్తనలు అర్థాన్ని మార్చవన్నది 1965 నాటి ‘ఆస్పెక్ట్స్’ సిద్ధాంతంలో కీలకాంశం కనుక, ఆ సిద్ధాంతం ప్రకారమే ఈ లోపకల్పన ఇబ్బందిలో పడుతుంది.

పురుషప్రత్యయాల సాక్ష్యం ఇంతకన్నా బలమైనది. ‘నేను డాక్టర్ని’, ‘నువ్వు డాక్టరువి’, ‘మేము డాక్టర్లం’ అన్నప్పుడు కర్తతో అన్వయాన్ని నామమే చూపుతుంది. లోపించిన క్రియ తన ప్రత్యయాన్ని నామానికి వదిలిపోయిందని అనడానికీ వీల్లేదు. ‘నేను డాక్టర్ని కాను’ అనే వ్యతిరేకవాక్యంలో క్రియ ఎదుటే ఉంది, దానికి ప్రత్యయమూ ఉంది. అయినా నామం తన ప్రత్యయాన్ని విడవలేదు. నామానికి పురుషప్రత్యయం చేర్చే సూత్రం ఎలాగూ అవసరమే అయినప్పుడు కనిపించని క్రియను ఊహించడం వల్ల వ్యాకరణానికి కలిగే లాభం ఏమిటి?

క్రియ లేని వాక్యాలన్నీ ఒక కోవకు చెందినవి కావు. ‘నాకు ఇద్దరు పిల్లలు’ అన్న వాక్యానికి ‘ఉన్నారు’ చేర్చినా అర్థం మారదు. వ్యతిరేకంలో ‘లేరు’ వస్తుంది. ఇక్కడ క్రియాలోపం సమంజసమే. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) తరవాత కూడా ఈ రెండు రకాలనూ ఒకే లోపసూత్రం కిందికి తేవడం పాఠ్యబోధనలో సౌకర్యమే కావచ్చు, విశ్లేషణ మాత్రం కాదు.

కాబట్టి తెలుగు వాక్యంలో రెండో అంగాన్ని ‘ఆఖ్యాతం’గా నిర్దేశించి, అది క్రియాపదబంధమైనా నామపదబంధమైనా కావచ్చునని సూత్రీకరించడమే ఉచితం. అప్పుడు ‘మంచి’ అనే విశేషణం ఆఖ్యాతస్థానంలో ‘మంచివాడు’, ‘మంచివాణ్ణి’ అంటూ నామరూపం ఎందుకు ధరిస్తుందో చెప్పడానికి వేరే సూత్రం అక్కరలేదు.