తిన్నని పైపు

బొగ్గుబాయి దిగే ముందు బాపు జేబులు ఖాళీ చేసేవాడు. బీడీకట్ట, అగ్గిపెట్టె పైనే ఉండిపోవాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం అవి నిషిద్ధ వస్తువులు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే లోపల చాలామంది తంబాకు, సున్నం అరచేతిలో నలుపుకొని దవడకు పెట్టుకునేవాళ్లు. పొగ అన్నది షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ తాగినంక సంగతి.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను పొగాకు పైపులు సేకరిస్తాను. వాటిలో ఒక్కదాన్నీ వెలిగించలేదు, వెలిగించను కూడా. బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తుల దగ్గు వింటూ పెరిగిన ఇల్లు మాది. నాకు కావాల్సింది ఆ రూపం, దాని వెనకున్న చేతిపని.

మొదటిది హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో దొరికింది. నేల మీద పరిచిన పాత సామాన్లలో పులితల చెక్కినది ఒకటి, మెడ బాగా వంగినది ఒకటి, వాటి పక్కన ఏ అలంకారమూ లేని తిన్నని పైపు ఒకటి. మొదట చెయ్యి పులితల మీదికే పోయింది. ఇంటికి మాత్రం తిన్ననిదే తెచ్చుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తర్వాత తెలుసుకున్నాను, ఆ ఆకారాన్ని బిలియర్డ్ అంటారు. గిన్నె నిటారుగా ఉంటుంది, మెడ అడ్డంగా సాగుతుంది. గిన్నె ఎత్తు, మెడ పొడవు దాదాపు సమానం. తిన్నని పైపులన్నీ దీని చుట్టాలే. గిన్నె గుండ్రంగా ఉబ్బితే యాపిల్, పొట్టిదైతే పాట్, పైకి పోయేకొద్దీ విచ్చుకుంటే డబ్లిన్. మెడ పొడుగై కోడిగుడ్డులా నొక్కినట్టుంటే కెనేడియన్. అదే పొడుగు మెడ గుండ్రంగా ఉండి, నోట్లో పెట్టుకునే గొట్టం పొట్టిగా ఉంటే లోవాట్. చూపు అలవాటు పడేదాకా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పడ్డాక మాత్రం ఒక మిల్లీమీటరు తేడా కూడా కంట్లో నలుసులా గుచ్చుతుంది.

వీటి కర్ర మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద మొదట్లో ఊరే బుడిపె, బ్రయర్. దాన్ని గంటలకొద్దీ ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, అప్పుడు చెక్కుతారు. ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ పట్టణం 19వ శతాబ్దం నుంచీ ఈ పనికి పేరుపడ్డది. లండన్‌లో డన్‌హిల్ అనే వ్యాపారి 1910లో పైపుల తయారీ మొదలుపెట్టాడు. తిన్నని గొట్టంతో అక్కడ ఒక చిక్కు వచ్చింది: ఏది పైవైపో, ఏది కిందివైపో కొన్నవాళ్లకు తెలిసేది కాదు. అందుకే గొట్టం పైభాగాన చిన్న తెల్లచుక్క పొదిగారు. రెండు వైపులా అంత సమంగా తీర్చిన పనితనం అది. ఆ చుక్కే తర్వాత ఆ కంపెనీ గుర్తు అయింది.

పాత పైపు ఇంటికి రాగానే నేను చేసే మొదటి పని ఒకటుంది. దూది చుట్టిన సన్నటి తీగను గొట్టం కొసన దూర్చి నెమ్మదిగా తోస్తాను. పని సరిగా జరిగి ఉంటే తీగ ఎక్కడా తగలకుండా వెళ్లి, గిన్నె అడుగున, సరిగ్గా నడిమధ్య తల బయటపెడుతుంది. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా తీగ తడబడుతుంది. ఆ తర్వాత గొట్టం రుద్దడం. అది గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు, ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆకుపచ్చగా మారి ఉంటుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్దుతుంటే లోపలి నలుపు బయటికొస్తుంది, దాంతోపాటే గంధకం వాసన. బొగ్గు కుప్ప తనంతట తాను కాగేటప్పుడు వచ్చే వాసనే అది. నాకు కొత్త కాదు.

వంకర పైపును నేను చిన్నచూపు చూడను. పళ్ల మధ్య అది తేలిగ్గా వేలాడుతుంది, రంధ్రం తొలవడమూ కష్టం. కానీ వంపు కంటిని కాసేపు మురిపిస్తుంది, ఆ మురిపెంలో చిన్న లోపం చూపు దాటిపోతుంది. తిన్నని గీతకు ఆ దాపరికం లేదు. గిన్నె ఒక పిసరు ఒరిగినా, మెడ ఒక పక్క లావైనా మొదటి చూపులోనే పట్టుబడుతుంది. ఎన్నెన్నో ఆకారాలు తిరిగొచ్చిన సేకర్తలు చివరికి బిలియర్డ్ దగ్గర ఆగడం అందుకే అనుకుంటాను.

ఈ ఇష్టం నాకు బజారులో పుట్టలేదు. బాపు గనిలో పని అజమాయిషీ చేసే ఓవర్‌మన్. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక తిన్నని కర్ర. దాంతో పైకప్పు తట్టేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది. లోపల గ్యాలరీ అనే సొరంగం తిన్నగా సాగడానికి సర్వే వాళ్లు పైకప్పు నుంచి దారాలు వేలాడదీస్తారు. ఒక కన్ను మూసి చూస్తే దారాలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కొని ఒక్కటే కనిపించాలి. లైను తప్పితే పక్కన వదలాల్సిన బొగ్గు స్తంభం సన్నబడుతుంది, పైకప్పు బరువు మోసేది ఆ స్తంభమే. తిన్నదనం అక్కడ అందం కోసం కాదు, మనిషి మళ్లీ పైకి రావడం కోసం.

శుభ్రం చేసిన మొదటి పైపును బాపు చేతిలో పెట్టాను. జీవితమంతా బీడీ తప్ప ఎరుగడు, పైపు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. దాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, కొస నుంచి గిన్నె దాకా చూశాడు, దారాల వెంట చూసినట్టే. గోరుతో ఒకసారి తట్టి విన్నాడు.

“సెంటర్ల ఉన్నది కొడుకా” అన్నాడు.

ఇప్పుడు నా అలమరలో తిన్నని పైపులు తొమ్మిది ఉన్నాయి. వాటి పక్కన బాపు కర్ర ఆనించి ఉంది.